ఆప్ట్‌లీ సమీక్ష: రిపోజిటరీ వెనక్కి వెళ్తుంది, యంత్రాలు వెళ్ళవు

డెబియన్ లేదా ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలు) వాడేవారి కోసం ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం తయారుచేసి, దాని డెబ్ ఫైలును (ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీని) వెబ్‌సైటులో పెట్టి దించుకోమని ఊరుకుంటే పని సగమే అయినట్టు. ఆ ఫైలును ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకున్న మనిషికి తరువాతి వెర్షన్ వచ్చిందన్న సంగతే తెలియకుండా ఏళ్ళు గడిచిపోతాయి. మనం భద్రతా లోపాన్ని సరిచేసి విడుదల చేసినా అది అతని యంత్రానికి చేరదు. సొంత ప్యాకేజీ రిపోజిటరీ (యంత్రాలు ప్యాకేజీలు తెచ్చుకునే నిల్వ) ఉంటే మిగతా సిస్టంతో పాటే మన ప్రోగ్రాం కూడా అప్‌డేట్ అవుతుంది. అలాంటి రిపోజిటరీని నడిపే పనిముట్లలో ఆప్ట్‌లీ ఒకటి. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవు రోజుల్లో ఒక తెలుగు కీబోర్డు అమరికను, అక్షరదోషాలు పట్టే చిన్న ప్రోగ్రాంను, కొన్ని ఖతులను (ఫాంట్లను) నిర్వహిస్తున్న మా జట్టు దీన్నే వాడుతోంది. మా వాడుకరుల్లో ఎక్కువమంది హిందూపురం, కదిరి, కోలారు వైపు బడుల్లోను, గ్రంథాలయాల్లోను ఉన్న పాత కంప్యూటర్ల ముందు కూర్చునేవారు. ఐదింటికి నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఆ ఒక్క మార్కుకు కారణాలు కూడా చెబుతాను.

సొంతంగా రిపోజిటరీ పెట్టుకోవడం ఎందుకు, ఎవరో ఒకరు ఉచితంగా ఇచ్చే సేవను వాడుకోవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. వాడుకోవచ్చు, అది ఉన్నన్నాళ్ళు. ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు తమ డెబ్, ఆర్‌పీఎం (ఫెడోరా వంటి లినక్స్‌లకు) ప్యాకేజీలను పెట్టుకున్న బింట్రే సేవను జేఫ్రాగ్ సంస్థ 2021 మే 1న మూసివేసింది. మూసివేత గురించి ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. అంటే చిరునామాలు మార్చుకోవడానికి, ప్యాకేజీలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో రాసి ఉండే, వాడుకరుల యంత్రాల్లోని సోర్స్ లిస్టులను మార్పించడానికి దొరికిన వ్యవధి మూడు నెలలు. లాంచ్‌ప్యాడ్ అనే సైటులోని పీపీఏలు (వ్యక్తిగత ప్యాకేజీ రిపోజిటరీలు) నమ్మకమైనవే కానీ అవి ఉబుంటుకు మాత్రమే పనికొస్తాయి, పైగా మూల కోడును అప్పగిస్తే అక్కడి యంత్రాలే ప్యాకేజీ కడతాయి తప్ప మనం కట్టిన ప్యాకేజీని తీసుకోవు. గిట్‌హబ్ ప్యాకేజెస్ సేవలో ఎన్‌పీఎం, మేవెన్, నూగెట్ వంటి ఇతర రకాల ప్యాకేజీలకు చోటుంది, డెబ్‌కు లేదు. అందువల్ల డెబియన్ వాడే బడులకు ప్యాకేజీలు అందించాలనుకున్న మాకు, సొంత డొమైన్ పేరు మీద, అవసరమైతే రేపు మరో సర్వరుకు ఎత్తుకుపోగలిగే రిపోజిటరీయే సరైనదిగా తోచింది.

ఆప్ట్‌లీని ఆండ్రే స్మిర్నోవ్ గో భాషలో మొదలుపెట్టారు. ఎంఐటీ లైసెన్సుతో దొరుకుతుంది. మొత్తం ఒకే ఒక ప్రోగ్రాం ఫైలు. డేటాబేస్ సర్వరు ఏదీ విడిగా నిలబెట్టనక్కరలేదు, ఆకృతీకరణ ఫైలు చిన్నది, అన్నీ హోం డైరెక్టరీలోని ఒక ఫోల్డరు కింద సర్దుకుంటాయి. చిన్న వర్చువల్ సర్వరు మీద కూడా ఇబ్బంది లేకుండా నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేయడం గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

చెప్పవలసినదంతా దాని ఆలోచనా విధానం గురించే. ఆప్ట్‌లీలో నాలుగు రకాల వస్తువులున్నాయి. బయటి రిపోజిటరీకి ప్రతి అయిన మిర్రర్, మన ప్యాకేజీలను చేర్చుకునే లోకల్ రిపో, వీటిలో దేనినుంచైనా ఒక క్షణాన తీసిపెట్టే స్నాప్‌షాట్, ఆ స్నాప్‌షాట్‌ను లోకానికి చూపించే పబ్లిష్. వీటిలో స్నాప్‌షాటే ప్రాణం. అది రిజిస్టరైన దస్తావేజు లాంటిది: కొత్తది రాసుకోవచ్చు గానీ పాతదాన్ని దిద్దడానికి వీల్లేదు. లోకల్ రిపోలో రోజూ ప్యాకేజీలు వస్తుంటాయి, పోతుంటాయి. విడుదల అనుకున్న రోజున మాత్రం ఒక స్నాప్‌షాట్ తీసి దానికి విడుదల పేరు పెట్టి దాన్నే పబ్లిష్ చేస్తాము. మూడు నెలల తరువాత ఎవరైనా లోపం గురించి రాస్తే, ఆ వెర్షన్‌తో పాటు ఆనాడు రిపోజిటరీలో ఏ ఖతి ఏ వెర్షన్‌లో ఉందో కచ్చితంగా చెప్పగలుగుతాము. ఆప్ట్‌లీలో నేరుగా లోకల్ రిపోనే పబ్లిష్ చేసే దారి కూడా ఉంది. ప్రతి బిల్డునూ వెంటనే బయటపెట్టే పరీక్షల రిపోజిటరీకి అది బాగుంటుంది. స్థిరమైన విడుదలలకు ఆ దారి తొక్కవద్దని నా సలహా.

విడుదల రోజున జరిగేదాన్ని దగ్గరగా చూస్తే ఈ విధానపు సుఖం అర్థమవుతుంది. కొత్త స్నాప్‌షాట్ తీశాక, పబ్లిష్ చేసేముందు, పాత స్నాప్‌షాట్‌తో దాన్ని పోల్చే డిఫ్ ఆదేశం ఇస్తాము. తెర మీద నాలుగు నిలువు వరుసల పట్టిక వస్తుంది: ఆర్కిటెక్చర్, ప్యాకేజీ పేరు, మొదటి స్నాప్‌షాట్‌లో ఉన్న వెర్షన్, రెండవదానిలో ఉన్న వెర్షన్. వెర్షన్ మారిన ప్యాకేజీ వరుస ముందు ఆశ్చర్యార్థకం, కొత్తగా చేరినదాని ముందు కూడిక గుర్తు, పోయినదాని ముందు తీసివేత గుర్తు ఉంటాయి. ఆ పట్టికలో అనుకున్న రెండు ఆశ్చర్యార్థకాలే కనిపిస్తే, పబ్లిష్ అయినదాని స్థానంలో కొత్త స్నాప్‌షాట్‌ను పెట్టే స్విచ్ ఆదేశం ఇస్తాము; అనుకోని తీసివేత గుర్తు ఒక్కటి కనిపించినా ఆగుతాము. స్విచ్ చేసినప్పుడు ఆప్ట్‌లీ కొత్త సూచిక ఫైళ్ళను ముందు తాత్కాలిక పేర్లతో రాసి, అన్నీ సిద్ధమయ్యాక పేర్లు మారుస్తుంది కనుక, అదే సమయంలో ఎవరైనా అప్‌డేట్ చేస్తున్నా సగం పాత సగం కొత్త రిపోజిటరీ వారికి కనిపించే అవకాశం చాలా తక్కువ. ప్రతి డెబ్ ఫైలు హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) ప్యాకేజెస్ అనే సూచికలో, ఆ సూచిక హ్యాష్ రిలీజ్ ఫైలులో, రిలీజ్ ఫైలు మీద జీపీజీ అనే డిజిటల్ సంతకం, ఇలా సాగే గొలుసంతా ఆప్ట్‌లీయే అల్లుతుంది. చేతితో అల్లుకున్నవారికే తెలుస్తుంది, అందులో ఎంత విసుగు తప్పిందో.

అయితే బడుల్లోను కార్యాలయాల్లోను మధ్యలో ఒక కాషింగ్ ప్రాక్సీ (దించిన ఫైళ్ళను దాచుకుని మళ్ళీ అందించే సర్వరు) ఉన్నప్పుడు, అది పాత ప్యాకేజెస్ ఫైలును, కొత్త రిలీజ్ ఫైలును కలిపి అందిస్తే వాడుకరికి "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అనే సందేశం వస్తుంది. దీనికి విరుగుడుగా సూచికలను వాటి హ్యాష్ పేరుతోనే దించుకునే పద్ధతి ఆప్ట్‌లో (వాడుకరి యంత్రంలో ప్యాకేజీలను దించి అప్‌డేట్ చేసే ప్రోగ్రాంలో) ఉంది. ఆప్ట్‌లీలో దీన్ని మనమే కోరి ఆన్ చేయాలి. మొదటిసారి పబ్లిష్ చేసేటప్పుడే చేయడం మంచిది.

ఇక ఈ సమీక్ష శీర్షికలో చెప్పిన సంగతికి వస్తాను. ఆప్ట్‌లీని పొగిడే చాలామంది, విడుదలలో లోపం బయటపడితే పాత స్నాప్‌షాట్‌కు స్విచ్ చేస్తే చాలు, అంతా యథాస్థితికి వస్తుందంటారు. ఇందులో సగమే నిజం. మా కీబోర్డు 2.4 వెర్షన్ విడుదలైన తరువాత కొన్ని యంత్రాల్లో బండి ఱ పడటం మానేసింది. 2.3 ఉన్న స్నాప్‌షాట్‌కు స్విచ్ చేయడానికి ఒక్క ఆదేశం సరిపోయింది. కానీ హిందూపురంలో ఒక బడి ల్యాబు చూసుకునే కుర్రవాడు ఫోన్ చేసి, "అన్నా, వెనక్కి తీశామన్నారు కదా, ఇక్కడ ఇంకా 2.4 అనే చూపిస్తోంది, అప్‌డేట్ కొడితే అంతా లేటెస్టే అంటోంది" అన్నాడు. అతని యంత్రం చెప్పింది సరైనదే. ఆప్ట్ తనంతట తాను వెర్షన్‌ను తగ్గించదు, యంత్రంలో 2.4 ఉండి రిపోజిటరీలో 2.3 మాత్రమే కనిపిస్తే, చేయవలసిన పనేమీ లేదని భావిస్తుంది. పిన్ ప్రయారిటీని (ఏ వెర్షన్‌కు ఎంత ప్రాధాన్యమో చెప్పే సంఖ్యను) 1000 లేదా అంతకు మించి పెడితే తగ్గిస్తుంది, కానీ ప్రతి బడికీ ఫోన్ చేసి ప్రిఫరెన్సెస్ ఫైలు రాయించడం అయ్యే పనేనా? స్విచ్ వల్ల జరిగేదల్లా, ఇంకా అప్‌డేట్ చేసుకోని యంత్రాలకు లోపం సోకకుండా ఆగడం. ఇప్పటికే సోకిన యంత్రాలు బాగుపడాలంటే అంతకంటే పెద్ద వెర్షన్ సంఖ్యతో మరో ప్యాకేజీ విడుదల చేయాల్సిందే.

పెద్ద ప్రాజెక్టులకూ ఇది తప్పదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగచాటు కోడు ఉన్నట్టు ఆండ్రెస్ ఫ్రోయింద్ బయటపెట్టినప్పుడు, డెబియన్ తన అన్‌స్టేబుల్ శాఖలో పాత కోడునే తిరిగి పెట్టింది. అయితే దాని వెర్షన్ సంఖ్యను 5.6.1+రియల్లీ5.4.5-1 అని రాసింది. చూడటానికి వింతగా ఉన్నా, ఆప్ట్ దృష్టిలో అది 5.6.1 కంటే పెద్దది, లోపల ఉన్నది మాత్రం 5.4.5. ఆప్ట్‌లీ పత్రాల్లో స్నాప్‌షాట్ల గురించి ఎంతో వివరంగా రాసినవారు, ఈ ఒక్క విషయాన్ని స్విచ్ ఆదేశం పక్కనే పెద్ద అక్షరాలతో రాసి ఉంటే కొత్తవారికి మేలు జరిగేది. తగ్గించిన మార్కులో సగం దీనికే.

వెర్షన్ సంఖ్యల మీద ఇంకొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఆప్ట్‌లీ మనమిచ్చిన సంఖ్యను నమ్ముతుందే తప్ప అది తెలివైనదా కాదా అని అడగదు. సెమాంటిక్ వెర్షనింగ్ అలవాటున్న ప్రోగ్రామర్లు పరీక్షా విడుదలకు 2.4.0-ఆర్‌సి.1 అని పేరు పెడతారు. ఆ పద్ధతిలో అది 2.4.0 కంటే చిన్నది. డెబియన్‌లో హైఫన్ తరువాత వచ్చేది ప్యాకేజింగ్ రివిజన్. అక్కడ 2.4.0-ఆర్‌సి.1 అనేది 2.4.0-1 కంటే పెద్దది అవుతుంది, ఎందుకంటే రివిజన్‌లో మొదట అక్షరాలున్నది అంకెతో మొదలయ్యేదాని కంటే తరువాత వస్తుంది. ఫలితంగా పరీక్షలకు ఒప్పుకున్న మంచివాళ్ళే అసలు విడుదలకు నోచుకోక పాత ఆర్‌సి మీదే ఉండిపోతారు. దీనికోసమే డెబియన్ టిల్డే గుర్తును పెట్టింది: 2.4.0~ఆర్‌సి1-1 అన్నది 2.4.0-1 కంటే ముందు వస్తుంది, ఎందుకంటే టిల్డే అన్నిటికంటే, చివరికి ఖాళీ కంటే కూడా చిన్నది. చిక్కేమిటంటే గిట్ ట్యాగుల్లో (మూల కోడులో విడుదలను గుర్తించే పేర్లలో) టిల్డే వాడనివ్వరు. అందుకని ట్యాగు ఒక రూపంలో, ప్యాకేజీ వెర్షన్ మరో రూపంలో ఉంటాయి, మధ్యలో ఒక స్క్రిప్టు మార్చాలి. అనుమానం వచ్చినప్పుడల్లా డీపీకేజీలో (డెబ్ ఫైళ్ళను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాంలో) ఉన్న కంపేర్-వెర్షన్స్ ఆదేశంతో సరిచూసుకోవడం మాకు అలవాటైంది.

ఒకే ప్రోగ్రాంను డెబియన్ 12కూ, డెబియన్ 13కూ విడివిడిగా కట్టి, రెండింటికీ 2.4.0-1 అనే వెర్షన్ పెట్టి ఒకే చోట పబ్లిష్ చేయబోతే ఆప్ట్‌లీ మామూలుగా ఒప్పుకోదు. రెండు డెబ్ ఫైళ్ళ పేరు ఒకటే, లోపలి విషయం వేరు. రెండూ డెబ్ ఫైళ్ళు దాచే ఒకే పూల్ ఫోల్డరులో ఒకే పేరుతో కూర్చోవాలి కనుక, ఫైలు ఇప్పటికే ఉంది, కానీ భిన్నంగా ఉంది అంటూ ఆగిపోతుంది. ఇది లోపం కాదు, గుణం: అదే పేరుతో మారిన ఫైలును నిశ్శబ్దంగా బయటకు పంపే పనిముట్టు ఎంత ప్రమాదమో రిపోజిటరీ నడిపినవారికి చెప్పనక్కరలేదు. పరిష్కారంగా చాలామంది వెర్షన్ చివర టిల్డే పెట్టి బుక్‌వర్మ్, ట్రిక్సీ అని డెబియన్ విడుదల పేర్లు తగిలిస్తారు. ఇప్పటికి అది పనిచేస్తుంది, ఇంగ్లీషు అక్షరక్రమంలో ట్రిక్సీ బుక్‌వర్మ్ తరువాత వస్తుంది కాబట్టి. డెబియన్ 14 పేరు ఫోర్కీ. అక్షరక్రమంలో అది ట్రిక్సీ కంటే ముందు వస్తుంది, అంటే సిస్టంను 14కు పెంచుకున్నవారి దగ్గర మన ప్యాకేజీ పాతదే మిగిలిపోతుంది. పేర్లకు బదులు డెబ్12, డెబ్13, డెబ్14 అని అంకెలు పెట్టుకుంటే ఈ తంటా ఉండదు.

మిర్రర్ల సౌకర్యాన్ని మేము తక్కువగా వాడుతున్నా, దానికి మంచి మాట చెప్పాలి. డెబియన్ రిపోజిటరీ మొత్తాన్ని దించుకోకుండా, వడపోత ఇచ్చి, కావలసిన ప్యాకేజీలను, వాటి డిపెండెన్సీలను మాత్రమే దించుకోవచ్చు. నెట్ సన్నగా ఉండే గ్రంథాలయానికి ఒక హార్డ్ డిస్కులో ఆఫీస్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్, మా ప్యాకేజీలు కలిపి ఒకే రిపోజిటరీగా ఇవ్వగలిగామంటే అది మిర్రర్ స్నాప్‌షాట్‌ను మా స్నాప్‌షాట్‌తో మెర్జ్ చేయడం వల్లనే. కొత్తవారు మొదట తడబడేది మిర్రర్ కోసం డెబియన్ కీలను విడిగా ఒక కీరింగ్‌లోకి చేర్చాల్సి రావడం దగ్గర. దోష సందేశంలోనే ఏ ఆదేశం ఇవ్వాలో రాసి ఉంటుంది, కంగారు పడనక్కరలేదు.

డిస్కు విషయంలో ఆప్ట్‌లీ పొదుపరి. ఒక ప్యాకేజీ ఎన్ని స్నాప్‌షాట్లలో ఉన్నా పూల్‌లో ఒకే ప్రతి ఉంటుంది. పబ్లిష్ చేసిన ఫోల్డరులోకి కూడా హార్డ్ లింకులే వెళ్తాయి. అందుకే పూల్, పబ్లిక్ ఫోల్డర్లు ఒకే ఫైల్ సిస్టంలో ఉండాలి. అమెజాన్ ఎస్3 లాంటి అద్దె నిల్వకు పబ్లిష్ చేస్తే మాత్రం నిజమైన ప్రతులు వెళ్తాయి, అద్దె కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. స్నాప్‌షాట్‌ను తొలగించగానే చోటు ఖాళీ కాదు, డీబీ క్లీనప్ ఆదేశం ఇచ్చాకే అవుతుంది.

మిగతా అర మార్కు ఎక్కడెక్కడో చిల్లరగా పోయింది. ఆటోమేషన్ కోసం ఇచ్చిన ఏపీఐకి సొంతంగా లాగిన్ ఏర్పాటు లేదు; దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెడితే మన రిపోజిటరీలో ఎవరైనా ఏదైనా చేర్చగలరు, కనుక ముందు ఎన్‌జిన్‌ఎక్స్ లాంటి వెబ్ సర్వరు పెట్టి తాళం వేయాలి. ఆ ఏపీఐ నడుస్తున్నంతసేపు డేటాబేస్‌ను అదే పట్టుకుని ఉంటుంది, నో-లాక్ ఐచ్ఛికంతో నడపకపోతే కమాండ్ లైను నుంచి ఏ పనీ సాగదు. రిపోజిటరీ ఎవరిదో చెప్పే ఆరిజిన్, లేబుల్ విలువలు మనం ఇవ్వకపోతే ఆప్ట్‌లీ ఒక చుక్క, ఒక ఖాళీ, డిస్ట్రిబ్యూషన్ పేరు కలిపి రాసేస్తుంది; అనాకారిగా ఉందని తరువాత మార్చబోతే, రిపోజిటరీ ఆరిజిన్ మారిందంటూ వాడుకరుల దగ్గర ఆప్ట్ అనుమతి అడుగుతుంది. మొదటిసారే మంచి పేర్లు ఇచ్చుకోవడం ఉత్తమం. ప్యాకేజీ వివరణల అనువాద ఫైళ్ళకు మద్దతు లేకపోవడాన్ని ఆ ప్రాజెక్టు తన పరిచయంలోనే పరిమితిగా రాసుకుంది. ప్యాకేజీ వివరణను తెలుగులో చూపించాలని ఆశపడే మాలాంటివారికి ఇది చిన్న వెలితి కాదు.

పోటీలో ఉన్నవాటిలో రెప్రెప్రో ఇంకా సరళమైనది, డెబియన్ లోకంలో ఎంతో కాలంగా నమ్మకంగా పనిచేస్తున్నది. కానీ చాలాకాలం పాటు అది ఒక డిస్ట్రిబ్యూషన్‌లో ఒక ప్యాకేజీకి ఒకే వెర్షన్‌ను ఉంచేది. పాత విడుదలలను కూడా అందుబాటులో ఉంచాలనుకునేవారు ఆప్ట్‌లీ వైపు రావడానికి అదొక కారణం. పల్ప్, నెక్సస్ వంటివి ఆర్‌పీఎం, పైథాన్, కంటెయినర్ ఇమేజీలు అన్నిటినీ ఒకచోట నిర్వహిస్తాయి. వాటిని చూసుకోవడానికి ఒక మనిషి ఉన్న సంస్థలకు అవి తగినవి. ఫెడోరా వాడుకరులు కూడా ఉంటే ఆప్ట్‌లీ ఒక్కటి చాలదు, పక్కన ఆర్‌పీఎం రిపోజిటరీలు కట్టే క్రియేట్‌రెపో పెట్టుకోవాలి. డెబియన్, ఉబుంటులకే పరిమితమై, ఇద్దరు ముగ్గురు నడిపే ప్రాజెక్టుకు మాత్రం ఆప్ట్‌లీకి మించినది నాకు కనిపించలేదు.

మొదలుపెట్టేవారు సంతకం కీని మాత్రం తొందరపడి తయారు చేయవద్దు. ఆప్ట్-కీ అనే పాత ఆదేశానికి కాలం చెల్లింది. ఇప్పుడు కీని ఈటీసీ కింద ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డరులో పెట్టించి, సోర్స్ ఫైలులో సైన్డ్-బై వరుసతో దాన్ని మన రిపోజిటరీకే కట్టేయాలి, పాత పద్ధతిలో చేర్పిస్తే మన కీ వాడుకరి సిస్టంలోని అన్ని రిపోజిటరీలకూ చెల్లుబాటవుతుంది. కీకి గడువు పెట్టుకోండి, కీని మోసుకొచ్చే ఒక చిన్న కీరింగ్ ప్యాకేజీని మొదటి విడుదలలోనే చేర్చండి. గడువు దగ్గర పడినప్పుడు, కొత్త కీ ఉన్న కీరింగ్ ప్యాకేజీని పాత కీ సంతకం చెల్లుతున్నప్పుడే విడుదల చేసి, బడులు సెలవుల నుంచి తెరిచి అందరూ అప్‌డేట్ చేసుకునేదాకా రెండు కీలతోనూ నెట్టుకురావాలి. గడువు దాటాక విడుదల చేస్తే, ఆ ప్యాకేజీ ఉన్న సూచికనే ఆప్ట్ నమ్మదు.